మాస్టారి మాటల చాటున

ఈ వారం ఉత్తరం ఒక కోస్తా పట్టణం నుంచి వచ్చింది. రాసినామె తాగుడు మాన్పించే డీ-అడిక్షన్ సెంటర్‌లో కౌన్సెలర్. వయసు 29. సైకాలజీలో ఎం.ఏ. చేసి రెండేళ్లుగా అక్కడ పనిచేస్తున్నారు. తన పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. సభ్యులను ఎవరూ గుర్తుపట్టకుండా వారి వివరాలు కూడా కొన్ని మార్చి రాశారు. ఏడు పేజీల ఉత్తరాన్ని ఇక్కడ కుదించి చెబుతున్నాను.

సెంటర్‌లో చికిత్స ముగించుకుని ఇంటికి వెళ్లిన తొమ్మిది మందితో ప్రతి శనివారం సాయంత్రం గంటన్నర పాటు ఆమె గ్రూపు నడుపుతారు, అంటే అందరూ కలిసి కూర్చుని మాట్లాడుకునే చికిత్స. అందరూ మగవాళ్లే. మొదలుపెట్టి మూడు నెలలు కావస్తోంది. వారిలో ముగ్గురు ఆమెకు నిద్ర లేకుండా చేస్తున్నారు.

మొదటి వ్యక్తి పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరు. అరవై దాటాయి. అందరూ ఆయనను మాస్టారు అనే పిలుస్తారు. నాలుగేళ్ల క్రితం భార్య పోయారు. పిల్లలిద్దరూ విదేశాల్లో ఉన్నారు. అందరూ కూర్చోగానే ఆయన గొంతు సవరించుకుంటారు. ఇక తొంభై నిమిషాల్లో నలభై ఆయనవే. తన దగ్గర చదువుకున్న పిల్లలు ఎక్కడెక్కడ ఇంజినీర్లయ్యారో, ఉత్తమ ఉపాధ్యాయుడిగా ఎవరి చేతుల మీదుగా శాలువా కప్పించుకున్నారో, తుఫానుకు బడి కప్పు లేచిపోతే మళ్లీ ఎలా నిలబెట్టారో చెబుతారు. ఎవరైనా తమ బాధ మొదలుపెడితే రెండో వాక్యం పూర్తి కాకముందే "నా అనుభవంలో ఇలాగే ఒకసారి" అంటూ అందుకుంటారు.

రెండో వ్యక్తి ఆటో డ్రైవరు. భార్య పుట్టింటికి వెళ్లిపోయి ఎనిమిది నెలలైంది. ప్రతి వారం అదే కష్టం చెప్పుకుంటారు. తలా ఒకరు ఒక దారి చూపిస్తారు. "అదీ చేశాను మేడమ్, లాభం లేదు" అంటారు. మూడో వ్యక్తి ఇరవై నాలుగేళ్ల అబ్బాయి. పదకొండు వారాల్లో తన పేరు తప్ప ఏమీ చెప్పలేదు. వేలి ఉంగరం తిప్పుకుంటూ కూర్చుంటాడు.

రెండు వారాల క్రితం వెల్డింగ్ పని చేసే ఒక సభ్యుడు, తన తల్లిని ఆసుపత్రిలో చేర్చిన సంగతి ఎత్తగానే మాస్టారు మళ్లీ అందుకున్నారు. ఆ సభ్యుడు లేచి నిలబడి "ఇది మీ బడి కాదు మాస్టారూ, మేము మీ పిల్లలం కాదు" అని అరిచారు. ఎవరూ కదల్లేదు. ఈమెకు చేతులు వణికాయి. "టీ తాగి మాట్లాడుకుందాం" అని వేళకు ముందే టీ తెప్పించేశారు. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మరుసటి శనివారం ఇద్దరు రాలేదు. వారిలో అరిచిన ఆయన ఒకరు. మాస్టారు మాత్రం ఇరవై నిమిషాలు ముందే వచ్చి, పది కుర్చీలూ గుండ్రంగా వేసి, భుజం మీది కండువాతో ఒక్కొక్కటీ తుడుస్తూ కనిపించారు.

"ఆయనను గ్రూపులోంచి తీసేయండి, మిగతావాళ్లయినా బాగుపడతారు" అన్నారట సెంటర్ నిర్వాహకుడు. ఆమె ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. ఉత్తరం ఇలా ముగిసింది: "శనివారం మధ్యాహ్నం నుంచే కడుపులో తిప్పుతున్నట్టు ఉంటుంది. ఈ రోజు మాస్టారికి జ్వరం వస్తే బాగుండునని ఒకసారి అనుకున్నాను. అలా అనుకున్నందుకు సిగ్గుగా ఉంది. ఈ పని నాకు చేతకాదేమో. ఏం చేయమంటారు?"

అమ్మా,

ముందు ఆ జ్వరం సంగతి మాట్లాడుకుందాం. ఫలానా సభ్యుడు ఈ రోజు రాకపోతే బాగుండునని ఒక్కసారైనా అనుకోని కౌన్సెలర్ నాకు ఇంతవరకు తారసపడలేదు. నేనూ చాలాసార్లు అనుకున్నాను. మీతో పాటు ఆ గదిలో కూర్చున్న మిగతా ఎనిమిది మందికీ ఇంచుమించు అదే అనిపిస్తూ ఉంటుంది. వాళ్లు పైకి అనలేనిది మీ కడుపులో తిప్పుతోంది. విసుగు, భయం, ముంచుకొచ్చే నిద్ర, ఇవన్నీ గ్రూపు లోపల ఏం జరుగుతోందో మీకు చెప్పే కబుర్లు. సిగ్గుపడి దాచేసుకుంటే ఆ కబురు మీకే అందకుండా పోతుంది.

మీ నిర్వాహకుడు ఇచ్చిన సలహా నేను ఒకప్పుడు స్వయంగా పాటించినదే, కాబట్టి దాని ఫలితం చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆసుపత్రిలో ఇలాంటి గ్రూపే నడిపేదాన్ని. అందులో ఒక కాంట్రాక్టరు ఉండేవారు. ఇంకొకరిని నోరు విప్పనిచ్చేవారు కాదు. రెండు నెలలు ఓపిక పట్టి, "మీకు విడిగా మాట్లాడుకోవడమే మంచిది" అని చెప్పి తప్పించాను. మరుసటి వారం గదిలో ఎంత తేలికగా ఊపిరి ఆడిందో ఇప్పటికీ గుర్తుంది. మూడో వారంలో, అంతవరకు పెదవి కదపని ఒక తపాలా ఉద్యోగి మాట్లాడటం మొదలుపెట్టారు. సంతోషించాను. నెల తిరిగేసరికి ఆయనా అరగంటకు తగ్గడం లేదు. మిగిలినవాళ్లు మళ్లీ అవే మొహాలతో, అదే గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు. మనిషిని తీశాను గానీ ఆ కుర్చీ అక్కడే ఉండిపోయింది. ఎవరో ఒకరు అదేపనిగా మాట్లాడుతూ ఉండటం ఆ గ్రూపుకు అవసరమైంది. ఎందుకు అవసరమైందో నేను ఒక్కసారీ అడగలేదు. కాంట్రాక్టరు ఆ తర్వాత విడిగా కూడా రాలేదు. ఏమయ్యారో తెలియదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

అందుకే మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ మాస్టారి కన్నా మిగతా ఎనిమిది మంది గురించే ఎక్కువ ఆలోచించాను. ఆటో స్టాండులోనో వెల్డింగ్ షాపులోనో ఎదుటివాడు ఒక్క మాట ఎక్కువ అంటే ఊరుకోని మనుషులు వీళ్లు. వారం వారం నలభై నిమిషాలు శాలువా కథ వింటూ ఎందుకు కూర్చున్నారు? మర్యాద ఒక కారణం. పెద్దాయన, పైగా చదువు చెప్పినాయన. పంతులుగారు మాట్లాడుతుంటే చేతులు కట్టుకుని నిలబడటం మనకు పలకాబలపం నాటి నుంచి ఒంటబట్టిన అలవాటు. అయితే ఒక్క మర్యాదతో పదకొండు వారాలు గడవవు. మాస్టారు మాట్లాడినంతసేపు ఇంకెవరూ మాట్లాడనక్కర లేదు. మంగళవారం రాత్రి వైన్ షాపు ముందు ఎంతసేపు నిలబడ్డారో చెప్పనక్కర లేదు. కూతురి ఫీజు కోసం దాచిన డబ్బు ఏమైందో చెప్పనక్కర లేదు. ఆయన మాటల చాటున అందరూ భద్రంగా ఉన్నారు. ఏమీ అనుకోకపోతే ఇంకో మాట: మీరు కూడా. ఎనిమిది మంది మగవాళ్లు తమ జీవితాల్లోని అతి పెద్ద అవమానాలను ఒకేసారి మీ ముందు పెడితే వాటిని ఎలా అందుకోవాలో అన్న బెంగ మీకూ ఉండి ఉంటుంది. ఉండటం సహజం.

గ్రూపుల్లో ఈ దాగుడుమూతలను శ్రద్ధగా గమనించినవారిలో విల్‌ఫ్రెడ్ బయాన్ ఒకరు. 1897లో మన మథురలో పుట్టిన ఆంగ్లేయ మనోవైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బర్మింగ్‌హామ్ దగ్గరి నార్త్‌ఫీల్డ్ సైనిక ఆసుపత్రిలో, యుద్ధంలో మనసు చెదిరిన సైనికులతో పనిచేశారు. గ్రూపు పైకి తన పని తాను చేస్తున్నట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం వేరే పనిలో మునిగి ఉంటుంది అని తర్వాతి రోజుల్లో ఆయన వివరించారు. ఆ పని మూడు రకాలు: ఎవరో పెద్దదిక్కు వచ్చి తమను గట్టెక్కిస్తారని కాచుకోవడం, ఎవరితోనో తలపడటం లేదా అక్కడి నుంచి పారిపోవడం, ఎవరో ఇద్దరు జతకడితే అద్భుతం జరుగుతుందని ఆశపడటం. మీ గ్రూపు పది వారాలు మొదటి దానిలో ఉంది. ఆ అరుపుతో రెండో దానిలోకి అడుగుపెట్టింది. ఇద్దరు రాకపోవడం అందులో భాగమే.

ఉత్తరం మధ్యలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం ఉంది. సభ్యుల్లో అయిదుగురు ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు కూడా వెళతారని. మాస్టారు కూడా వారిలో ఒకరని. నాకు ఇది చాలా ముఖ్యమనిపించింది. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను, ఇద్దరూ తాగుడు బాధితులే, కలిసి మొదలుపెట్టిన ఉద్యమం అది. ఆ మీటింగుల్లో చాలాచోట్ల పద్ధతి ఒకటే. ఒకరు తన కథ చెప్పుకుంటారు. మిగతావాళ్లు అడ్డు తగలకుండా వింటారు. ఎదురు ప్రశ్న వేయరు, సలహా ఇవ్వరు. అక్కడ అది ఎంతో మందిని నిలబెట్టింది. మీ గ్రూపు చేయవలసిన పని వేరు. ఒకరి మాట ఇంకొకరికి ఎక్కడ తగిలిందో, ఎలా తగిలిందో అక్కడికక్కడే చెప్పుకోవడం ఇక్కడి చికిత్స. ఈ తేడా మీ సభ్యులకు ఎవరైనా విడమరిచి చెప్పారా? చేర్చుకునే ముందు ఒక్కొక్కరితో అరగంట కూర్చుని ఇక్కడ ఎలా మాట్లాడుకుంటామో వివరించడం గ్రూపు నడిపేవారు ఎప్పుడూ ఎగ్గొట్టకూడని పని. మీ సెంటర్‌లో అది జరిగినట్టు ఉత్తరంలో కనిపించలేదు. మాస్టారు తనకు తెలిసిన పద్ధతిలో మాట్లాడుతున్నారు, మిగతావాళ్లు తమకు తెలిసిన పద్ధతిలో వింటున్నారు. వచ్చే శనివారం మొదటి పది నిమిషాలు ఈ తేడా చెప్పడానికే కేటాయించవచ్చు. ఎవరినీ వేలెత్తి చూపనక్కర లేకుండా చేయగలిగిన మొదటి మార్పు అది.

ఇక మాస్టారు. ఆయన చెప్పినవన్నీ మీరు ఓపికగా రాశారు. లెక్క వేసి చూశాను. వారానికి నలభై నిమిషాల చొప్పున పదకొండు వారాలంటే ఏడు గంటలకు పైన. అన్ని గంటల్లో ఆయన తాగుడు ఎప్పుడు మొదలైందో లేదు. చివరిసారి ఎప్పుడు తాగారో లేదు. భార్య పోయిన రాత్రి ఇంట్లో ఇంకెవరున్నారో లేదు. అమెరికన్ మనోవైద్యుడు ఇర్విన్ యాలమ్ ఇలాంటి సభ్యుల గురించి చెప్పిన మాట నాకు చాలాసార్లు దారి చూపింది: అతిగా మాట్లాడే మనిషి నుంచి మనం ఇంకా ఎక్కువ వినాలి. ఆయన చెబుతున్న కథలు ఆయన చుట్టూ ఆయనే కట్టుకున్న ప్రహరీ గోడ. గోడ అవతలి మనిషి గొంతు మీరింకా వినలేదు. "ఆయన నోరు ఎలా మూయించాలి" అని అడుగుతున్నంతకాలం మీరు ఆయనకు శత్రువుగా ఉంటారు. "ఆయన ఇంకా ఏం చెప్పలేదు" అని అడిగిన రోజు మీ గొంతే మారిపోతుంది, అది ఆయనకు తెలుస్తుంది కూడా.

అరుపు పడిన మరుసటి వారం ఆయన కుర్చీలు తుడిచిన దృశ్యం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఆ పదింటిలో రెండు ఖాళీగా మిగులుతాయేమో ఆయనకు ముందే అనుమానం ఉండి ఉంటుంది. ఇంట్లో ఎన్ని ఖాళీ కుర్చీలున్నాయో ఆయనకే తెలుసు.

దీనికి ముందు మాత్రం ఒక పని చేయండి, ఇది మీ సెంటర్‌కు వచ్చే మనోవైద్యుడితో కలిసి చేయవలసింది. ఈ మాటల ప్రవాహం ఆయన స్వభావమా, ఈ మధ్య వచ్చిందా అన్నది తేల్చుకోవాలి. నిద్ర బాగా తగ్గి, అలసట లేకుండా, పెద్దపెద్ద పథకాలు వేస్తూ, డబ్బు విపరీతంగా ఖర్చు చేస్తుంటే అది ఉన్మాద దశ కావచ్చు. అప్పుడు గ్రూపు కన్నా ముందు మందులు కావాలి. ఏళ్ల తరబడి తాగినవారిలో బి1 విటమిన్ లోపించి జ్ఞాపకశక్తి దెబ్బతినవచ్చు. చెప్పిన కథే చెప్పినట్టు తెలియక మళ్లీ చెబుతారు, మరచిపోయిన చోట లేనిది కల్పించి పూరిస్తారు. అది అబద్ధం ఆడటం కాదు. బడి కప్పు కథను ఆయన ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టే చెబుతారని రాశారు కనుక ఈ పరీక్ష వాయిదా వేయవద్దు. చెవుడు సంగతి కూడా చూడండి. సరిగా వినపడని పెద్దవాళ్లు, వినవలసిన అవసరం రాకుండా తామే మాట్లాడేస్తుంటారు.

వైద్యపరంగా ఏమీ లేదని తేలితే మీ ముందు నాలుగు దారులున్నాయి. ఏది ఎటు తీసుకెళుతుందో చెబుతాను. ఆ గదిని చూసింది మీరు కాబట్టి ఎంపిక మీదే.

తీసేయడం గురించి నా కథ చెప్పాను. ఇంకొకటి కూడా జరుగుతుంది. ఆయన కుర్చీ మాయమైన రోజున మిగతా అందరికీ ఒక పాఠం అందుతుంది: ఇక్కడ ఇబ్బంది పెట్టినవాడిని పంపించేస్తారు. ఇళ్లలో ఇప్పటికే ఆ అనుభవం పొందిన మనుషులు వాళ్లు. ఆ తర్వాత ఎవరూ తమలోని కష్టమైన భాగాన్ని మీకు చూపించరు. తీసేయవలసిన సందర్భాలు లేకపోలేదు. తాగి వస్తే ఆ రోజుకు లోపలికి రానివ్వకూడదు. ఎవరినైనా బెదిరిస్తే, గదిలో విన్నది ఊళ్లో చెబితే, వారాల తరబడి ప్రయత్నించినా గ్రూపు వల్ల ఆయన పరిస్థితి దిగజారుతుంటే విడిగా చూడటమే న్యాయం. మీరు రాసినంతలో మాస్టారు వీటిలో ఏదీ చేయలేదు.

రెండోది గడియారం పెట్టడం. తలా ఏడెనిమిది నిమిషాలు. వెంటనే పనిచేస్తుంది, మీ కడుపులో తిప్పడం ఆ వారమే తగ్గుతుంది. రాని ఇద్దరూ తిరిగి రావడానికి కూడా సాయపడవచ్చు. అయితే నెల గడిచేసరికి అది హాజరు పిలవడంలా మారుతుంది. ఒక్కొక్కరూ తమ వంతు అప్పజెప్పి కూర్చుంటారు, ఒకరితో ఒకరు మాట్లాడరు. దెబ్బ తగిలిన గ్రూపుకు నాలుగు వారాలు కట్టుగా వాడుకోవచ్చు. ఆ తర్వాత విప్పేయాలి.

మూడోది ఆయనతో విడిగా మాట్లాడటం. ఆయన గౌరవం నిలుస్తుంది. మన సమాజంలో ఒక పెద్దమనిషికి నలుగురి ముందు తల వంచుకోవలసి రావడం ఎంత నరకమో మీకు వేరే చెప్పనక్కర లేదు. ప్రమాదం ఏమిటంటే, మీరిద్దరూ ఒక రహస్యం పంచుకున్నట్టు అవుతుంది. మరుసటి వారం ఆయన నోరు కట్టేసుకుని గాయపడిన మొహంతో కూర్చుంటే, ఎందుకో గ్రూపుకు అర్థం కాదు.

నాలుగోది గ్రూపులోనే బాహాటంగా తేల్చుకోవడం. ఎక్కువ ఫలితం ఇందులోనే ఉంది, ఎక్కువ ప్రమాదమూ ఇందులోనే ఉంది. కట్ట తెగితే ఎనిమిది మందీ ఆయన మీద పడవచ్చు. తమలో తాము భరించలేనివన్నీ ఒక్క మనిషి నెత్తిన పెట్టి బలిపశువును చేయడం గ్రూపులకు చాలా తేలిక.

నేను మీ స్థానంలో ఉంటే మూడోదాన్ని నాలుగోదానికి గుమ్మంగా వాడుకుంటాను. విడిగా కలిసినప్పుడు "తక్కువ మాట్లాడండి" అని చెప్పను. "మాస్టారూ, ఆ రోజు జరిగినదాన్ని నేను టీతో కప్పేశాను. అది నా పొరపాటు. ఈ శనివారం దాన్ని మళ్లీ తెరుస్తాను. మీకు కష్టంగా ఉంటుంది. నేను మీ పక్కనే ఉంటాను" అని మాత్రం చెబుతాను. ఆయన ఒప్పుకోకపోతే ఇంకో వారం ఆగుతాను.

ఆ టీ గురించి మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. చేతులు వణుకుతున్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ అరుపు మీ గ్రూపులో మూడు నెలల్లో పుట్టిన మొట్టమొదటి నిజమైన మాట. ఒక మనిషి ఇంకొక మనిషి మొహం చూసి తన మనసులోది చెప్పాడు. అమెరికన్ మనస్తత్వవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లో గ్రూపుల ఎదుగుదలను దశలుగా విడదీసినప్పుడు, మొదటి మర్యాదలు తీరాక వచ్చే రెండో దశను తుఫానుతో పోల్చారు. సభ్యులు ఒకరికొకరు కుదురుకునే మూడో దశ దాని తర్వాతే వస్తుంది. ఆ మాట అన్నాయనకు మీరే ఫోన్ చేయండి. "మీరు అరిచినందుకు నాకు కోపం లేదు. మీ అమ్మగారి సంగతి ఆ రోజు మేమెవరం వినలేదు, ఈసారి వినాలి" అని చెప్పండి. మాస్టారు వస్తూ ఉండి ఆయన రాకపోతే ఈ పని సగమే అవుతుంది. రాని రెండో ఆయనకూ ఫోన్ చేయండి.

గ్రూపులో విషయం తెరిచేటప్పుడు మాస్టారి గురించి అడగవద్దు. వింటున్నవారి గురించి అడగండి. "ఒకరు చాలాసేపు మాట్లాడుతున్నప్పుడు మీ మనసు ఎక్కడికి వెళుతుంది?" అంటే ఒకరు గడియారం అంటారు, ఒకరు ఇల్లు అంటారు, ఎవరో ఒకరు ధైర్యం చేసి "హమ్మయ్య, ఇవాళ నా వంతు రాదు అనుకుంటాను" అంటారు. ఆ ఒక్క మాట వస్తే చాలు, బరువంతా మాస్టారి మీది నుంచి దిగి అందరి భుజాల మీదికి సర్దుకుంటుంది. ముగ్గురు మాట్లాడాక ఆపేయండి. అందరి తీర్పూ వినిపించనక్కర లేదు. ఆయనంటే ఇష్టమున్న సభ్యుడు ఒకరు తప్పకుండా ఉంటారు, ఆయన మాట కూడా వచ్చేలా చూడండి. చివరికి మాస్టారిని "ఇప్పుడు విన్నవాటిలో మీకు ఏది గట్టిగా తగిలింది?" అని అడగండి. ఆయన మళ్లీ బడి కథలోకి వెళ్లిపోతే, "మాస్టారూ, ఆ కథ మాకు తెలుసు. ఇప్పుడు, ఈ నిమిషంలో, ఇక్కడ మీకు ఎలా ఉంది?" అని ఇంకోసారి అడగండి.

పెద్దవారి మాటకు అడ్డు తగలడం మీకు చాలా కష్టమని రాశారు. ఎప్పుడు అడ్డు తగలాలో తెలిస్తే కష్టం తగ్గుతుంది. ఇరవై నిమిషాలు పళ్ల బిగువున ఓర్చుకుని ఆ తర్వాత ఆపితే, ఎంత తీయగా చెప్పినా గొంతులో కోపం వినిపిస్తుంది. మూడో నిమిషంలో, మీకు ఇంకా ఆయన మీద ప్రేమ ఉన్నప్పుడే ఆపండి. "మాస్టారూ, ఒక్క నిమిషం. మీరు చెప్పినదాంట్లో ఇల్లు బోసిగా ఉంటోందన్న మాట నాకు పట్టుకుంది. అక్కడే ఆగుదాం. ఈ మాట ఇంకెవరికైనా తగిలిందా?" ఇందులో అమర్యాద లేదు. ఆయన మాటకు ఇంతకన్నా గౌరవం ఆ గదిలో ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు. ఎదురుగా కూర్చోకండి. ఎదురుగా ఉంటే ఆయన మీకే పాఠం చెబుతున్నట్టు సాగిపోతారు. పక్క కుర్చీలో కూర్చుంటే ఆయన కళ్లు సహజంగానే మిగతావారి మీదికి వెళతాయి.

ఆటో డ్రైవరు విషయం. అడుగుతూనే, ఇచ్చినదాన్ని తోసిపుచ్చే ఈ తీరుకు 1952లోనే అమెరికన్ మనోవైద్యుడు జెరోమ్ ఫ్రాంక్, ఆయన సహచరులు ఒక పేరు పెట్టారు. సాయాన్ని తిరస్కరించే ఫిర్యాదీ అని దాని అర్థం. పేరు కొంచెం కటువుగా ఉంది, మనిషి పడే యాతన నిజం. భార్యను తీసుకురావడానికి దారి చెప్పమని ఆయన నోరు అడుగుతోంది. తన కష్టం మామూలు దారులకు లొంగనంత పెద్దదని ఎవరైనా ఒప్పుకోవాలని లోపలి మనిషి అడుగుతున్నాడు. మీరు దారులు చూపినకొద్దీ ఆయన వాటిని కొట్టేయక తప్పదు. ఈసారి దారి చూపకండి, ఎవరినీ చూపనివ్వకండి. "ఎనిమిది నెలలుగా అన్నీ చేసి చూశారు, ఏదీ ఫలించలేదు. ఎంత అలసిపోయి ఉంటారో" అని ఆగిపోండి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని నింపకండి. ఒక పని మాత్రం తప్పనిసరి. "లాభం లేదు" అని అన్ని వారాలు అంటున్న మనిషిని విడిగా కూర్చోబెట్టి, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. అడిగేవాళ్లు లేకపోవడమే ప్రమాదం. అవుననే జవాబు వస్తే అదే రోజు మనోవైద్యుడికి చూపించండి. రాత్రివేళ అవసరమైతే ఫోన్ చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 రాసివ్వండి. తెలుగులో కూడా మాట్లాడతారు.

ఆ అబ్బాయి గురించి నాకు అంత బెంగ లేదు. ఒక్క వారం కూడా మానకుండా వచ్చాడు కదా. అతను ఇంతవరకు చెప్పగలిగింది అదే, అది తక్కువేమీ కాదు. వరుసగా అందరినీ అడుగుతూ అతని దగ్గరకు వచ్చి ఆగవద్దు. వంతు వచ్చిందంటే నోరు ఇంకా బిగుసుకుపోతుంది. అతని మొహం మీద ఏదైనా కదిలినప్పుడు "ఆయన అరిచినప్పుడు నువ్వు ఉంగరం తిప్పడం ఆపేశావు, చూశాను" అన్నంత చిన్న మాట చాలు. జవాబు చెప్పకపోయినా తనను ఒకరు చూశారని తెలుస్తుంది. మీ గ్రూపులో ఎక్కువ మాట్లాడే మనిషి, అసలు మాట్లాడని మనిషి ఇద్దరూ ఒకే భయాన్ని చెరోవైపు నుంచి పట్టుకున్నారని నా అనుమానం. వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చున్న రోజు ఏదైనా జరిగితే నాకు తప్పక రాయండి.

చివరగా ఒక సంగతి. మూడో పేజీ అడుగున "మా నాన్న కూడా ఇంతే, భోజనాల దగ్గర ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కాదు" అని రాసి, గీత పెట్టి కొట్టేశారు. కొట్టేసినా చదవగలిగాను, ఏమీ అనుకోవద్దు. ఆ గది చివర కూర్చున్న పెద్దాయనలో మీకు ఎవరు కనిపిస్తున్నారో, ఆయనను ఆపబోయినప్పుడు మీ గొంతు ఎందుకు అంత చిన్నదైపోతోందో, ఇది గ్రూపులో చెప్పవలసిన విషయం కాదు. కానీ ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి. మూడు నెలలుగా ఒంటరిగా ఈ గ్రూపు నడుపుతున్నారు. మీ పనిని నెలకు రెండుసార్లయినా ఒక సీనియర్‌తో కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు మీ నిర్వాహకుడిని అడగండి. మాస్టారిని తీసేయడం కన్నా ఇది ఆయన చేయగలిగిన మంచి పని. వీలైతే గ్రూపులో మీతో పాటు కూర్చునే ఇంకొక కౌన్సెలర్‌ను కూడా అడగండి. ఒకరు మాస్టారితో మాట్లాడుతుంటే ఇంకొకరు ఆ అబ్బాయి ఉంగరాన్ని చూడగలుగుతారు. సీనియర్‌తో చెప్పేటప్పుడు సభ్యుల పేర్లు వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వారి గోప్యతకు హక్కు ఇచ్చింది. నాకు రాసేటప్పుడు మీరు దాన్ని పాటించారు, ఆ జాగ్రత్త చూసి చాలా సంతోషించాను.

మాస్టారితో విడిగా మాట్లాడటానికి ఎప్పుడు, ఎక్కడ అన్నది మీకు తోచకపోతే, ఈ శనివారం మీరు కూడా ఇరవై నిమిషాలు ముందు వెళ్లండి. గదిలోకి పిలిపించి బల్ల అవతల కూర్చోబెట్టవద్దు. ఆయన కుర్చీలు వేస్తూ ఉంటారు. మీరూ రెండు అందుకోండి. అవతలి వైపు నుంచి వేసుకుంటూ రండి. పది కుర్చీలు వేయడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది, మీరు చెప్పవలసింది అంతకన్నా ఎక్కువ లేదు.